జంగు పట్టిన బోల్టు: బస్సులు, జీపులు, మన మిస్త్రీల చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం పంపవలసిందిగా కార్యదర్శిగారు కోరినారు. చరిత్ర అనగానే మనవారు కాకతీయుల నుండి మొదలుపెట్టి నిర్మల్ కోట బురుజుల దాకా రాస్తారు. అవి రాయడానికి పండితులున్నారు. నేను ముప్పై ఏండ్లకు పైగా ఆఫీసులో స్టోర్సు రిజిస్టర్లు, వాహనాల లాగ్ బుక్కులు రాసినవాణ్ణి. నా కలం కిందికి వచ్చిన చరిత్రంతా పానాలు, టైర్లు, కమాన్ పట్టీలు, బోల్టులు. కనుక ఈసారి ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. పాత బండి ఛాసిస్‌లో విరిగి ఇరుక్కుపోయిన బోల్టు. దాన్ని బయటికి తీయడం ఒక విద్య. ఆ విద్య వెనుక మన ప్రాంతపు మోటారు చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవారు ఇప్పుడు మన ఊళ్లో వేళ్ల మీద లెక్కించేటంత మందే మిగిలినారు.

నిజాం రైల్వే నడిపిన బస్సులు

నిర్మల్ పట్టణానికి ఈనాటికీ రైలు లేదు. గోదావరి దాటి దక్షిణానికి పోవాలన్నా, మహబూబ్ ఘాటు ఎక్కి ఆదిలాబాదు వైపు పోవాలన్నా మనకు రోడ్డే దిక్కు. నాగపూరు నుండి హైదరాబాదుకు పోయే పెద్ద రోడ్డు మీద ఉండడమే మన ఊరికి దేవుడిచ్చిన భాగ్యం. అందువల్ల మోటారు బండి చరిత్ర మనకు ఇంటి చరిత్ర వంటిది.

హైదరాబాదు సంస్థానంలో సర్కారు బస్సులు మొదలైనది 1932 జూన్‌లో. విశేషమేమంటే వాటిని నడిపినది రైల్వే శాఖే. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ అని ఒక విభాగం పెట్టి, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించినారు. ఆ బస్సులు ఆల్బియన్ కంపెనీవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1899లో పుట్టిన కంపెనీ అది. ఓడలో వచ్చిన ఆ బండ్లకు కావలసిన ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ ఓడలోనే రావాలి. పోలీసు చర్య తర్వాత 1951 నవంబరు 1 నుండి ఈ బస్సులు రైల్వే చేతుల నుండి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చినవి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడినది. 2016లో తెలంగాణ ఆర్టీసీ వేరుపడినది. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులో ఆర్టీసీ వారు భద్రపరిచినారు. మనుమలను తీసుకొని పోయినప్పుడు చూపించదగిన వస్తువు.

రైల్వేవారు బస్సులు నడపడం వలన ఒక మేలు జరిగినది. రైల్వే వర్క్‌షాపు క్రమశిక్షణ బస్సు షెడ్డులోకి వచ్చినది. ఏ బోల్టు ఎన్నాళ్లకు విప్పాలి, ఎప్పుడు నూనె పెట్టాలి, ఎప్పుడు మార్చాలి అన్నది కాగితం మీద ఉండేది. ఆ షెడ్డులలో పని నేర్చినవారు తర్వాత జిల్లాలకు చెదిరి రోడ్డు పక్కన సొంతంగా దుకాణాలు పెట్టుకున్నారు. వారిని మనం ఉస్తాద్ అని, మిస్త్రీ అని పిలిచినాము.

బ్లాకు జీపు వచ్చిన వేళ

రెండవది జీపు కథ. మన సర్వీసు వారిలో జీపు ఎక్కని గెజిటెడ్ అధికారి లేడు, జీపు లాగ్ బుక్కు చూడని గుమాస్తా లేడు. రెండవ ప్రపంచ యుద్ధం కోసం అమెరికావారు చేసిన బండి అది. మహీంద్రా వారు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టినారు. 1952 అక్టోబరు 2న దేశంలో సామాజిక వికాస పథకం ప్రారంభమైనది. బ్లాకులు వచ్చినవి, బి.డి.ఓ.లు వచ్చినారు, వారి వెంట జీపు వచ్చినది. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ అమలులోకి వచ్చి సమితులు ఏర్పడిన తర్వాత సమితి ఆఫీసు అనగానే జనానికి కనబడేది ముందర ఆగిన జీపే.

ఖానాపూరు, కడెం, ఉట్నూరు వైపు గూడేలకు అప్పటి రోడ్లు ఎట్లుండేవో మీలో చాలామందికి తెలుసు. వానకాలంలో వాగు దాటితే గాని ఊరు లేదు. జీపు వాగులో దిగుతుంది, బురదలో మునుగుతుంది, ఒడ్డెక్కి ఎండుతుంది. నీళ్లు, మట్టి, ఎండ మూడూ కలిసి ఛాసిస్ కిందిభాగాన్ని తినేవి. పైన రంగు నిగనిగలాడుతూ ఉన్నా కింద బోల్టులు జంగు పట్టి ఒకటే ముద్ద అయ్యేవి.

మూడవది లారీ. 1954లో టాటా వారు జర్మనీలోని డైమ్లర్ బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూరులో లారీలు తయారుచేయసాగినారు. ఆ ఒప్పందం 1969 దాకా నడిచినది. 1963 జూలై 26న పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిన తర్వాత గోదావరి ఒడ్డున సిమెంటు, ఇనుము మోసే లారీల రాకపోకలు పెరిగినవి. లారీ ఉన్నచోట మిస్త్రీ ఉండక తప్పదు.

మూడు దేశాల మరలు, ఒక్క పెట్టె

ఇక్కడే అసలు చిక్కు. బోల్టులన్నీ చూడడానికి ఒక్కటే, లెక్క మాత్రం ఒక్కటి కాదు.

బోల్టు మీద తిరిగే గీతలను పుస్తకాలలో మరలు అంటారు, మన మిస్త్రీలు చూడీలు అంటారు. పూర్వం ఏ కార్ఖానా చూడీలు దానివే. ఒకచోట చేసిన నట్టు మరొకచోట చేసిన బోల్టుకు పట్టేది కాదు. 1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే అనే ఆయన చూడీలు కచ్చితంగా కోసే లేతు మిషను తయారుచేసినాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే లెక్క ఉండాలని ప్రతిపాదించినాడు. చూడీ కోణం 55 డిగ్రీలు, ప్రతి సైజుకూ అంగుళానికి ఇన్ని చూడీలు అని స్థిరపరిచినాడు. ఇంగ్లండు రైళ్లు, ఓడలు, తర్వాత మోటార్లు ఆ లెక్కలోనే నడిచినవి.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో వేరే లెక్క తెచ్చినాడు. ఆయన కోణం 60 డిగ్రీలు. యూరపు ఖండంలో మిల్లీమీటర్ల లెక్క. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు, అమెరికా ఒకే పక్షాన యుద్ధం చేసినా ఒకరి బోల్టు మరొకరి నట్టుకు పట్టక చాలా ఇబ్బంది పడ్డారు. చివరికి 1948 నవంబరు 18న అమెరికా, బ్రిటన్, కెనడా ప్రతినిధులు వాషింగ్టన్‌లో కూర్చొని 60 డిగ్రీల కోణంతో ఒక ఉమ్మడి లెక్కకు సంతకాలు చేసినారు. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి మీటరు పద్ధతి మొదలైనది. 1957 ఏప్రిల్ 1 నుండి నయా పైసలు వచ్చినవి మనందరికీ గుర్తే. అణాలూ పైసలూ కొంతకాలం కలిసి తిరిగినట్లే అంగుళం బోల్టులూ మిల్లీమీటరు బోల్టులూ కలిసి తిరిగినవి. అణాలు త్వరలోనే పోయినవి గాని అంగుళం బోల్టులు మాత్రం ఏండ్ల తరబడి పోలేదు.

ఈ చరిత్ర అంతా నిర్మల్ రోడ్డు పక్కన మిస్త్రీ పెట్టెలో చూడవచ్చు. ఆల్బియన్ వంటి బ్రిటిషు బండికి విట్‌వర్త్ పానా. జీపుకు అమెరికా పానా. టాటా లారీకి మిల్లీమీటరు పానా. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె బోల్టు కాడ లావు. అమెరికా పానా మీద ఉండే అంకె నట్టు తల వెడల్పు. కాబట్టి రెండింటి మీద అరంగుళం అని ఒకే అంకె రాసి ఉన్నా పానాలు వేరు. తెలియనివాడు చేతికి అందిన పానా పెడితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత ఏ పానాకూ పట్టు దొరకదు.

ఇంకా ప్రమాదమైనది చూడీల సంగతి. అరంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చూడీలు. అదే అరంగుళం అమెరికా ముతక చూడీ బోల్టుకు 13. అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన రెండున్నర వంతులు, అనగా 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో 8 నంబరు బోల్టుకూ దానికీ కంటికి తేడా తెలియదు. ఒకదాని చోట ఒకటి పెడితే రెండు మూడు చుట్లు సాఫీగా పోతుంది. తర్వాత బిగుసుకుంటుంది. "బాగా పట్టింది" అని సంతోషపడి పానాకు పైపు తొడిగి లాగుతారు. అది పట్టు కాదు, చూడీలు ఒకదానినొకటి నమలడం. ఆ బోల్టు మళ్లీ విప్పేనాడు తెగుతుంది.

ఇంకొక్క మాట. పాత విల్లీస్ జీపులకు ఎడమవైపు చక్రాల బోల్టులు ఉల్టా చూడీవి. చక్రం తిరిగే దిశకు నట్టు వదులు కాకూడదని అట్లా పెట్టినారు. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగినట్లు తిప్పాలి. సంగతి తెలియని కుర్రవాళ్లు అలవాటు చొప్పున ఎదురు తిప్పి, కదలకపోతే ఇంకా బలం పెట్టి, విప్పుతున్నామనుకొని బిగించి తెంపిన బోల్టులు ఎన్నో.

బోల్టు ఎందుకు తెగుతుంది

బోల్టు తెగింది అంటే బలం చాలలేదని అనుకుంటాము. చాలాసార్లు కారణం అది కాదు. సరిగా బిగించిన బోల్టు రెండు ఇనుప పలకలను గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, బండి కుదుపు దానిదాకా పెద్దగా రాదు. వదులైన బోల్టు మీద ప్రతి గుంతకూ ఒక దెబ్బ. వెదురు పుల్లను అటూ ఇటూ వంచితే కొంతసేపటికి విరిగినట్లు, వేల దెబ్బలకు ఇనుము అలసి సన్నని బీట పడుతుంది. ఆ బీట సాధారణంగా నట్టు లోపల మొదటి చూడీ దగ్గరో, తల కింద మెడ దగ్గరో పడుతుంది. విరిగిన ముఖం చూస్తే మిస్త్రీ చెప్పగలడు. కొంతభాగం నునుపుగా నల్లగా ఉంటే చాలాకాలం నుండి బీట ఉన్నట్లు. మిగిలిన భాగం గరుకుగా తెల్లగా మెరిస్తే ఆ రోజే తెగినట్లు.

రెండవ కారణం జంగు. ఇనుము జంగుగా మారితే అది తీసుకునే చోటు రెండింతలకు పైగా అవుతుంది. బోల్టుకూ నట్టుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. జంగు ఆ సందును నింపి ఇంకా ఉబ్బడానికి చూస్తుంది. అందుకే అది సిమెంటు పోసినట్లు బిగుస్తుంది. బలంతో తిప్పితే చూడీ కదలకముందే కాడ తెగుతుంది.

మన గడ్డ మీద ఇనుము విద్య

ఇనుము స్వభావం తెలుసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. డెమాస్కస్ కత్తులు అని ప్రపంచమంతా చెప్పుకునే కత్తులకు కావలసిన ఉక్కు మన చుట్టుపక్కల నుండి పోయినది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఊరు అందుకు ప్రసిద్ధి. నిర్మల్ తూర్పున ఉన్న దిమ్మదుర్తి ప్రాంతపు ఇనుప ఖనిజం పేరు పాత గెజిటీరులో ఎక్కినది. దేశాన్ని త్రికోణాలుగా కొలిచిన సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయ్సీ కోనసముద్రంలో ఉక్కు చేసే విధానం స్వయంగా చూసి రాసినాడు. ఆయన 1824లో చనిపోయినాడు. ఆ రచన 1832లో కలకత్తాలో అచ్చయినది. పారశీక దేశం నుండి వర్తకులు ఆ ఊరికి ఉక్కు కోసం వచ్చేవారని అందులో ఉన్నది.

ఆ పని ఇట్లా ఉండేది. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత మూసి, కొలిమిలో తిత్తులతో ఊదుతూ ఏకధాటిగా కరిగించేవారు. మెల్లగా చల్లారనిచ్చేవారు. వచ్చిన ఉక్కు బిళ్ల గాజులా పెళుసుగా ఉంటుంది, సుత్తె దెబ్బకు పగులుతుంది. కాబట్టి దానికి మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాల్చి, మళ్లీ మెల్లగా చల్లార్చి, అవసరమైతే మూడోసారి నాలుగోసారి కూడా అట్లాగే చేసి మెత్తబరిచేవారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. విరిగిన బోల్టు తీసేటప్పుడు దీని అవసరం పడుతుంది. కాల్చి గబుక్కున నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కాల్చి బూడిదలో పెట్టి మెల్లగా చల్లారిస్తే మెత్తబడుతుంది. మన కమ్మరులకు ఇది తాతలనాటి జ్ఞానం.

తీసే పద్ధతి

విరిగిన బోల్టు తీయడంలో ఒక వరుస ఉన్నది. మెత్తని ఉపాయం ముందు, మొరటు ఉపాయం చివర. వరుస తప్పితే పని చెడుతుంది. ఆ వరుస కొంచెం వివరంగా రాస్తాను. ఇండ్లలో ట్రాక్టర్లు, ఆటోలు నడుపుకునే పిల్లలున్నవారికి ఉపయోగపడుతుంది.

మొదటిది శుభ్రం చేయడం, నూనె పెట్టడం. తీగ బ్రష్షుతో మట్టి, జంగు రాల్చాలి. కిరసనాయిలులో కొంచెం ఇంజను ఆయిలు కలిపి చుక్కలు చుక్కలుగా పోసి ఒక రాత్రి వదలాలి. మధ్యమధ్య సుత్తెతో మెల్లగా తట్టాలి. తట్టినప్పుడు జంగు పగిలి నూనె దిగడానికి దారి ఇస్తుంది. ఇప్పుడు డబ్బాలలో వచ్చే స్ప్రేలున్నవి. అందులో పేరుపొందిన డబ్ల్యు.డి. 40 అనేది 1953లో అమెరికాలో నీటి తేమను తరమడానికి కనిపెట్టినది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరినందున ఆ పేరు వచ్చినది. మొదట క్షిపణుల రేకులకు జంగు పట్టకుండా వాడినారు. అయితే ఏ నూనె అయినా దానికి కావలసిన సమయం ఇస్తేనే పనిచేస్తుంది.

రెండవది వేడి. బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న ఇనుమును వేడిచేయాలి. చుట్టూ ఉన్నది వ్యాకోచిస్తే రంధ్రం వెడల్పవుతుంది. వేడిగా ఉన్నప్పుడు కొవ్వొత్తి అంచుకు తాకిస్తే మైనం కరిగి చూడీలలోకి ఇంకుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు దగ్గరలో ఉంటే ఈ పని చేయరాదు. నూనె పోసినచోట వెంటనే మంట పెట్టరాదు. ఛాసిస్ ఇనుమును ఎర్రగా కాగేదాకా కాల్చరాదు, దాని బలం పోతుంది.

మూడవది పట్టు దొరికించుకోవడం. కాడ కొంచెం బయటికి ఉంటే హ్యాక్సా బ్లేడుతో గాటు కోసి పేచ్‌కస్ పెట్టవచ్చు. లేదా అంచున మొండి ఛేనీ పెట్టి విప్పే దిశకు చిన్న చిన్న దెబ్బలు వేయవచ్చు. అన్నిటికన్నా మంచిది, ఒక పెద్ద నట్టును ఆ మొండెం మీద పెట్టి లోపలి నుండి వెల్డింగు చేయడం. దీనితో పట్టూ దొరుకుతుంది, వెల్డింగు వేడికి జంగు బంధమూ సడలుతుంది. ముందుగా బ్యాటరీ తీగ విప్పాలి. తిప్పేటప్పుడు ఒకే వైపు లాగరాదు. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ విప్పాలి. కల్లు ముంత తాడు చిక్కు తీసినట్లు ఓపిక కావాలి.

నాలుగవది డ్రిల్లు. విరిగిన ముఖాన్ని ముందు ఆకురాయితో చదును చేయాలి. సరిగ్గా నడిమధ్య పంచ్‌తో గుర్తు పెట్టాలి. ఈ గుర్తు పక్కకు జరిగితే డ్రిల్లు మెత్తని చోటు వెదుక్కుంటూ ఛాసిస్‌లోకి పోతుంది. సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి సైజు పెంచుకుంటూ పోవాలి. ఉల్టా తిరిగే డ్రిల్లు దొరికితే రంధ్రం పడుతుండగానే ఒక్కోసారి మొండెం దానంతటదే బయటికి వస్తుంది. రాకపోతే ఈజీ ఔట్ అనే ఉల్టా చూడీ మేకును ఆ రంధ్రంలో పెట్టి తిప్పుతారు. పేరు ఈజీ గాని పని ఈజీ కాదు. అది చాలా గట్టి ఉక్కు, కనుక పెళుసు. బలం ఎక్కువైతే పుటుక్కున విరిగి లోపలే ఉండిపోతుంది. అప్పుడు మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు. ఆ దశలో పాత కమ్మరి విద్యే శరణ్యం. దాన్ని అక్కడే కాల్చి, సున్నమో బూడిదో కప్పి మెల్లగా చల్లారనిచ్చి, మెత్తబడ్డాక డ్రిల్లు పెట్టాలి. కోనసముద్రం ఉక్కు బిళ్లకు చేసినదే ఇక్కడా చేసేది.

చివరిది, మొత్తం కాడను డ్రిల్లుతో తీసివేసి ట్యాపుతో చూడీలు మళ్లీ కోయడం. 12 మిల్లీమీటర్ల ముతక చూడీ బోల్టుకు 10.2 మిల్లీమీటర్ల డ్రిల్లు, 10 నంబరుకు 8.5. అంతకు మించితే చూడీకి పట్టు ఉండదు. రంధ్రం పాడైందని పక్కన ఇంకొక రంధ్రం పొడవడం కొందరి అలవాటు. ఛాసిస్ నిలువు పలకలో కొంత నయంగాని, పైనా కిందా ఉండే అంచు పలకలకు రంధ్రం పొడిస్తే లోడు మీద అక్కడే బీట పడుతుంది. లారీ నడుం విరిగింది అంటారే, చాలాసార్లు ఆ కథ ఒక అనవసరపు రంధ్రంతో మొదలవుతుంది.

ఒక వానకాలం సంగతి

ఈ వరుస ఎందుకు ముఖ్యమో ఒక సందర్భం చెబుతాను. సమితుల చివరి రోజులవి. వానకాలం. ఒక ఏజెన్సీ గూడెంలో వాంతులు, విరేచనాలు ప్రబలినవని కబురు వచ్చినది. డాక్టరును, కాంపౌండరును, సెలైను సీసాల పెట్టెలను మా ఆఫీసు జీపులో పంపాలని ఉత్తరువు. డ్రైవరు ఉదయం బండి తీసి చూస్తే గేరుపెట్టెను మోసే అడ్డ పట్టీ ఒకవైపు వేలాడుతున్నది. దాన్ని ఛాసిస్‌కు బిగించిన బోల్టు తల తెగి, కాడ లోపలే ఉండిపోయినది. ఎప్పుడో ఎవరో నట్టును లోపలివైపు వెల్డింగు చేసి ఉంచినందున వెనుక నుండి చెయ్యి పెట్టే వీలు లేదు.

బస్టాండు దగ్గరి మిస్త్రీని పిలిపించినాము. అరవై దాటిన మనిషి. కిందికి దూరి చూసి బయటికి వచ్చి బీడీ ముట్టించినాడు. "చాచా, ఎంతసేపు పడతది?" అని అడిగినాను. "తొందర పెడితే రెండు దినాలు పడతది సారూ. ఊకుంటే పగటి భోజనాలదాక అయితది" అన్నాడు.

మా అధికారి ముఖం చూస్తే ఆయన ఊకునే స్థితిలో లేడు. ఇనుప తీగతో పట్టీని కట్టేసి పంపుదామని ఒకరు సలహా ఇచ్చినారు. మిస్త్రీ తల అడ్డంగా ఊపినాడు. వాగులో ఆ తీగ తెగితే గేరుపెట్టె కిందికి జారుతుంది, అడవి మధ్యలో డాక్టరు, మందులు, డ్రైవరు అందరూ ఆగిపోతారు, అటు రోగులకూ మందు అందదు అన్నాడు. ఆ మాటతో అందరం ఊకున్నాము.

ఆయన నూనె పోసి తట్టినాడు, పోసి తట్టినాడు. గంటసేపు అదే పని. పెట్రోలు ట్యాంకు విప్పించి దూరంగా పెట్టించినాడు. నూనె తుడిచి, కార్బైడు గ్యాసు మంటతో చుట్టూ కాచి మైనం పెట్టినాడు. నట్టు ఒకటి మొండెం మీద నిలిపి వెల్డింగు చేయించినాడు. మొదటి నట్టు ఊడి వచ్చినది. ఏమీ అనలేదు. రెండవ నట్టు పెట్టించి, అది పూర్తిగా చల్లారేదాకా కూర్చున్నాడు. అప్పుడు పానా పెట్టి ఇటు కొంచెం, అటు కొంచెం. కిర్రుమని ఒక చప్పుడు. బోల్టు కదిలినది. పగలు ఒంటిగంట దాటిన తర్వాత జీపు బయలుదేరి చీకటి పడకముందే గూడెం చేరినది. ఆ రాత్రి సెలైను ఎక్కిన రోగులలో పసిపిల్లలు కూడా ఉన్నారని కాంపౌండరు తిరిగి వచ్చి చెప్పినాడు.

మిస్త్రీ కూలీ ఎంతో చిన్న మొత్తం. అయితే మూడు కొటేషన్లు లేవు, ముందస్తు మంజూరీ లేదు అని ఆడిట్‌లో అభ్యంతరం వచ్చినది. దానికి జవాబు రాసినది నేనే. "అత్యవసర ప్రజారోగ్య అవసరార్థము" అని రాసినాను. అభ్యంతరం ఎత్తివేసినారు. మిస్త్రీ పేరు వోచరు మీద వేలిముద్ర పక్కన తప్ప మరే కాగితంలోనూ లేదు. సర్కారు కాగితాలలో ఇటువంటివారి చరిత్ర ఆ మాత్రమే ఉంటుంది.

కొత్త బోల్టు సంగతి

తీయడం సగం పని. దాని చోట ఏమి పెడుతున్నామన్నది మిగతా సగం. బోల్టు తల మీద 8.8 అని ఉంటే దాని తన్యబలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్లు, అందులో పదింట ఎనిమిది వంతుల దాకా సాగిపోకుండా ఓర్చుకుంటుందని అర్థం. అమెరికా బోల్టులకు అంకెలకు బదులు గీతలు ఉంటాయి. మూడు గీతలు ఐదవ గ్రేడు, ఆరు గీతలు ఎనిమిదవ గ్రేడు. ఏ గుర్తూ లేని మెత్తని బోల్టు మంచానికీ తలుపుకూ సరిపోతుంది గాని స్టీరింగుకూ కమాన్ పట్టీలకూ పనికిరాదు. పది రూపాయలు మిగులుతాయని దాన్ని పెట్టించవద్దని మీ పిల్లలకు గట్టిగా చెప్పండి. పెట్టేముందు చూడీలకు గ్రీజు రాయిస్తే పదేండ్ల తర్వాత విప్పేవాడు మీకు దండం పెడతాడు.

కండెమ్ చేసిన తర్వాత

సర్కారు వాహనానికి ఒక ఆయుష్షు ఉన్నది. 2023 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం పదిహేనేండ్లు దాటిన సర్కారు వాహనాల రిజిస్ట్రేషను తిరిగి పొడిగించరు. సైన్యం మొదలైన వాటికి మినహాయింపు. మిగిలినవి తుక్కుకు పోవలసిందే. పొగ, ప్రమాదాలు తగ్గాలంటే అది అవసరమే, కాదనను. అయితే బండి తుక్కుకు పోయినప్పుడు దానితో పాటు దాన్ని బాగుచేసే చేతి విద్య కూడా పోతున్నది. కొత్త బండ్లకు భాగం పాడైతే మొత్తం భాగమే మారుస్తారు. కుర్రవాళ్లకు కంప్యూటరు పెట్టి లోపం కనుక్కోవడం వచ్చును, మంచిదే. కాని జంగు పట్టిన బోల్టు ముందర కంప్యూటరు ఏమీ చెప్పదు. వానకు తడిసే ట్రాక్టరు ట్రాలీలు, బోరు మోటార్లు, నాగళ్లు మన పల్లెలలో ఇంకా వేలకొలది ఉన్నవి. వాటి బోల్టులు తెగుతూనే ఉంటాయి.

నా మనవి రెండు మాటలు. మన సభ్యులలో ఆర్టీసీ డిపోలలో, నీటిపారుదల శాఖ వర్క్‌షాపులలో, పంచాయతీరాజ్ శాఖలో పనిచేసిన ఫిట్టర్లు, డ్రైవర్లు, ఫోర్‌మెన్లు ఉన్నారు. వారు తమకు తెలిసిన పద్ధతులు ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వాలి. రాయడం కష్టమైతే నా వంటివారం పక్కన కూర్చొని రాసిపెడతాము, అది మాకు అలవాటైన పనే. రెండవది, ఐటిఐ పిల్లలకు నెలకొకసారి అటువంటి పెద్దలతో ఒక పూట పని చేయించే ఏర్పాటు మన సంఘం తరఫున అడుగుదాము. ఇందుకు బడ్జెటు అక్కరలేదు. ఒక పాత ఛాసిస్ ముక్క, నాలుగు జంగు పట్టిన బోల్టులు, ఒక సీసా కిరసనాయిలు చాలును.

పదవీ విరమణ చేసిన మనల్ని కూడా కొందరు కండెమ్ చేసిన బండ్ల కింద లెక్క కడతారు. కట్టనీయండి. మన చేతుల్లో ఉన్న విద్యను వేలం వేసే అధికారం ఎవరికీ లేదు. అది మనంతట మనం ఇచ్చిపోవలసినది.